తాళాలు లాక్కునే ముందు..

నాన్నకు పక్షవాతం వచ్చి తగ్గింది. మళ్లీ కారు తీస్తానంటున్నారు. ఇవ్వాలా, వద్దా? అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటానంటోంది. ఉండనివ్వాలా, బలవంతంగానైనా తెచ్చుకోవాలా? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నలకు జవాబు భయం వల్లనో, మొహమాటం వల్లనో వస్తుంది. కానీ మనిషి ఏ పని సురక్షితంగా చేయగలరో, ఏది చేయలేరో పరీక్షించి చెప్పే నిపుణులున్నారు. వారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. వారి పరీక్షలు ఎలా ఉంటాయో, ఎవరికి అవసరమో, వాటితో ఏం ప్రయోజనమో తెలుసుకుందాం.

ఇలాంటి ఇల్లు మీకూ తెలిసే ఉంటుంది. ఇంటిపెద్దకు 68 ఏళ్లు. లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలల కిందట పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి ప్రమాదం తప్పింది. ఫిజియోథెరపీతో కోలుకుని నడుస్తున్నారు. పేపరు చదువుతున్నారు. మనవరాలికి లెక్కలు చెబుతున్నారు. ఒకరోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కారు తీసి గుడికి వెళ్లొచ్చారు. వచ్చాక చూస్తే ఎడమవైపు అద్దం విరిగిపోయి ఉంది. తలుపు పొడవునా గీత. 'ఎవరో ఆటోవాడు గీసేసి ఉంటాడు' అన్నారాయన. కొడుకు తాళాలు తీసి బీరువాలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఇక్కడ తప్పెవరిది? ఆయన అబద్ధం చెప్పలేదు. కారుకు ఏదో తగిలిన సంగతి ఆయనకు నిజంగానే తెలియలేదు. కొడుకు భయపడటంలోనూ తప్పు లేదు. లోపమల్లా ఒకటే. అసలు ఏం జరుగుతోందో ఎవరూ పరీక్షించలేదు.

పేరులో ఉన్నది ఉద్యోగం కాదు

ఆక్యుపేషన్ అనగానే మనకు ఉద్యోగం, వృత్తి గుర్తుకొస్తాయి. ఈ వైద్యంలో దాని అర్థం వేరు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా మనం చేసే పనులన్నీ ఆక్యుపేషన్లే. పళ్లు తోముకోవడం, స్నానం, చీర కట్టుకోవడం, పోపు వేయడం, మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకోవడం, బ్యాంకుకు వెళ్లిరావడం, బండి నడపడం.. అన్నీ. జబ్బు వల్లనో వయసు వల్లనో వీటిలో ఏ పని ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టి, మళ్లీ చేసుకునేలా శిక్షణ ఇవ్వడం, అది కుదరకపోతే పనిని, పరికరాన్ని లేదా ఇంటిని ఆ మనిషికి తగ్గట్టు మార్చడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని.

మరి ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఏమిటి? స్థూలంగా చెప్పాలంటే, కాలికి మళ్లీ బలం వచ్చేలా చూసేది ఫిజియోథెరపీ. ఆ కాలితో తడి బాత్రూంలో జారిపడకుండా స్నానం చేసి రావడం ఎలాగో చూసేది ఆక్యుపేషనల్ థెరపీ. రెండూ కలిసి సాగాల్సినవే.

మన దేశానికి ఇది కొత్తేమీ కాదు. కమలా నింబ్కర్ చొరవతో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో 1950లోనే ఆక్యుపేషనల్ థెరపీ కోర్సు మొదలైంది. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తికీ గుర్తింపునిచ్చింది. అయినా మన దగ్గర చాలామందికి ఇది ఆటిజం ఉన్న పిల్లల థెరపీగానే తెలుసు. పెద్దవాళ్లకూ దీని అవసరం అంతే ఉంది.

నడవగలిగితే నడపగలరా?

'చక్కగా నడుస్తున్నారు కదా, కారు నడిపితే ఏమవుతుంది?' చాలామంది అడిగే మాట ఇది. కాళ్లూ చేతులూ ఆడటం డ్రైవింగులో ఒక భాగం మాత్రమే. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందంటే సెకనుకు సుమారు 11 మీటర్లు ముందుకెళ్తున్నట్టు. 60 కిలోమీటర్ల వేగమైతే సెకనుకు దాదాపు 17 మీటర్లు. సందులోంచి సైకిలు మీద పిల్లాడు అడ్డొచ్చాడనుకోండి. కన్ను చూడాలి, మెదడు గుర్తించాలి, బ్రేకా స్టీరింగా అన్నది తేల్చుకోవాలి, కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి రావాలి. ఇదంతా జరిగేలోపు కారు ఆగదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి సెకను ఆలస్యమైనా, ఆ సెకనులో కారు మరో 11 మీటర్లు వెళ్లిపోతుంది.

పైన చెప్పుకొన్న పెద్దాయనలో లోపం కాలిలో లేదు. మెదడు కుడివైపు భాగం దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమవైపున ఉన్నవాటి మీద ధ్యాసే ఉండదు. కళ్లు బాగానే పనిచేస్తున్నా ఎడమవైపు ప్రపంచం లెక్కలోకి రాదు. కంచంలో ఎడమ సగాన ఉన్న కూర అలాగే ఉండిపోతుంది. గడ్డం ఒకవైపే గీసుకుంటారు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగులుతుంది. చిక్కేమిటంటే, ఇలాంటి లోపం ఉందని వారికే తెలియదు. మనం రోడ్డుకు ఎడమపక్కన వెళ్తాం. పాదచారులు, ఆగిన ఆటోలు, సైకిళ్లు అన్నీ ఎడమవైపే ఉంటాయి. డ్రైవరు కూర్చునేది కుడివైపు. అంటే కారులో ఎక్కువ భాగం ఆయన 'లేదనుకునే' వైపే ఉంటుంది. అద్దం విరగడానికి కారణం అదే కావచ్చు.

ఎవరికి ఈ పరీక్ష అవసరం?

వయసొక్కటే కొలమానం కాదు. 75 ఏళ్లకూ నిక్షేపంగా కారు నడిపేవారున్నారు. 50 ఏళ్లకే ఆపాల్సి వచ్చేవారూ ఉంటారు. ఈ కింది సమస్యలు ఉన్నవారు మాత్రం మళ్లీ స్టీరింగు పట్టేముందు వైద్యుల్ని అడగాలి.

పక్షవాతం, తలకు గాయం: చూపులో ఒకపక్క మసకబారడం, ధ్యాస తప్పడం, తొందరపాటు, ఒకేసారి రెండు విషయాలు చూసుకోలేకపోవడం వంటివి పైకి కనిపించవు. కాలూచెయ్యీ పడిపోయి కొద్దిసేపట్లోనే మామూలైపోయినా సరే, డాక్టర్ని అడగకుండా బండి తీయకూడదు. బ్రిటన్‌లోనైతే పక్షవాతం వచ్చినవారు కనీసం నెల రోజులు కారు నడపకూడదన్న నిబంధనే ఉంది.

మతిమరుపు జబ్బు: తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోవడం అందరికీ ఉండేదే. ఇరవై ఏళ్లుగా వెళ్తున్న దారిలో ఎటు తిరగాలో తోచకపోవడం మాత్రం హెచ్చరిక. డిమెన్షియా క్రమంగా పెరిగే జబ్బు. ఈరోజు పరీక్షలో నెగ్గినా సుమారు ఆరు నెలలకోసారి మళ్లీ చూపించుకోవాలి.

పార్కిన్సన్స్: కదలికలు నెమ్మదిస్తాయి. మందు పనిచేస్తున్నప్పుడు ఒకలా, ప్రభావం తగ్గినప్పుడు ఒకలా ఉంటారు. కాబట్టి మాత్ర వేసుకున్న వేళను బట్టి పరీక్ష ఫలితం మారుతుంది.

మధుమేహం: ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. కాలు బ్రేకు మీద ఉందో యాక్సిలరేటర్ మీద ఉందో చూస్తే తప్ప తెలియని స్థితి వస్తుంది. ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవారికి దారిలో షుగరు 70 కంటే పడిపోతే చెమటలు, వణుకు, అయోమయం మొదలవుతాయి. బయల్దేరే ముందు షుగరు చూసుకోవడం, కారులో గ్లూకోజో చక్కెరో పెట్టుకోవడం తప్పనిసరి.

కంటి జబ్బులు: శుక్లాలున్నవారికి రాత్రి ఎదురు వాహనాల లైట్లు చెదిరిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. నీటికాసులు పక్కచూపును తినేస్తాయి. ఎదురుగా ఉన్న బోర్డు స్పష్టంగానే చదువుతారు గానీ పక్క నుంచి వచ్చే స్కూటరు కనిపించదు.

మందులు: నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా మత్తునిస్తాయి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు 'ఇది వేసుకుని బండి నడపవచ్చా?' అని డాక్టర్ని అడగండి.

పరీక్ష ఎలా చేస్తారు?

ఇది పాస్, ఫెయిల్ తేల్చే పరీక్ష కాదని ముందే ఇంటిపెద్దకు చెప్పండి. సాధారణంగా రెండు దశల్లో ఉంటుంది.

మొదటిది గదిలో కూర్చోబెట్టి చేసేది. జబ్బు చరిత్ర, వాడుతున్న మందులు, ఇంతకుముందు ఎంత డ్రైవింగ్ చేసేవారు, ఇప్పుడు ఎక్కడికి వెళ్లాల్సిన అవసరం ఉంది అన్నవి అడుగుతారు. చూపు, పక్కచూపు చూస్తారు. మెడ ఎంతవరకు తిరుగుతోంది, చేతి పట్టు ఎలా ఉంది, కాలు ఒక పెడల్ నుంచి మరో పెడల్‌కు ఎంత వేగంగా మారుతోంది, పాదానికి స్పర్శ ఉందా అన్నవి పరిశీలిస్తారు. ఆ తర్వాత మెదడు పనితీరు. గడియారం బొమ్మ గీయమంటారు. కాగితం నిండా చిందరవందరగా ఉన్న అంకెల్ని వరసగా గీతతో కలపమంటారు. తర్వాత ఒక అంకె, ఒక అక్షరం చొప్పున మార్చిమార్చి కలపమంటారు. చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ ఇందులో అర్థం ఉంది. సిగ్నల్ చూస్తూనే అద్దంలోకి చూడటం, మళ్లీ రోడ్డు మీదికి ధ్యాస మళ్లించడం కూడా ఇలాంటి పనే. కాగితమంతా పరిచి ఉన్న నక్షత్రాల్ని కొట్టేయమనే పరీక్ష ఒకటుంది. ఎడమవైపు ధ్యాస లేనివారు కుడివైపువన్నీ కొట్టేసి, ఎడమవైపువి వదిలేసి 'అయిపోయింది' అంటారు. లెక్చరరుగారి లాంటివారిలో ఇంట్లోవాళ్లు ఆరు నెలలుగా కనిపెట్టలేనిది ఒక కాగితం మీద తేలిపోవచ్చు.

ఇంగ్లిష్ అక్షరాలు రానివారికి ఆ పరీక్షలు అలాగే పెడితే ఫలితం తప్పుగా వస్తుంది. కాబట్టి ఎంతవరకు చదువుకున్నారు, ఏ భాష సౌకర్యం అన్నది ముందే చెప్పండి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం మరవకుండా తీసుకెళ్లండి.

రెండో దశ రోడ్డు మీద. కాగితం మీద బాగా చేసినవారు రోడ్డు మీద తడబడవచ్చు. కాగితం మీద తడబడినవారు ఏళ్ల అనుభవంతో రోడ్డు మీద నెట్టుకురావచ్చు. అందుకే గదిలో పరీక్ష ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదు. ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాల్లో ఇందుకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన థెరపిస్టులున్నారు. మన దగ్గర ఇలాంటి ఏర్పాట్లు తక్కువ. అలాగని దారి లేకపోలేదు. డ్రైవింగ్ స్కూలు కార్లలో శిక్షకుడి వైపు కూడా బ్రేకు ఉంటుంది. గదిలో పరీక్ష అయ్యి, థెరపిస్టు సరేనన్నాక మాత్రమే అలాంటి కారులో, అనుభవమున్న శిక్షకుడి పక్కన, ముందు ఖాళీ మైదానంలో, తర్వాత రద్దీలేని వీధిలో నడిపించి చూడవచ్చు. థెరపిస్టు వెనక సీట్లో ఉండి గమనించగలిగితే మరీ మంచిది. కొడుకో కూతురో పక్కన కూర్చుని 'నేను చూసుకుంటాలే' అనడం ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. వారి దగ్గర బ్రేకు ఉండదు.

జవాబు ఔనో కాదో మాత్రమే కాదు

ఈ పరీక్షలతో అసలైన మేలు ఇక్కడుంది. ఇంట్లోవాళ్లకు తోచేవి రెండే దారులు: తాళాలు ఇచ్చేయడం లేదా దాచేయడం. థెరపిస్టు నివేదికలో ఈ రెంటి మధ్యా చాలా దారులుంటాయి.

పగలు మాత్రమే నడపవచ్చు. తెలిసిన దారిలో, ఇంటికి అయిదు కిలోమీటర్ల లోపు నడపవచ్చు. హైవే ఎక్కకూడదు. వానలో తీయకూడదు. మూడు నెలలు శిక్షణ తీసుకుని మళ్లీ పరీక్షకు రావాలి.. ఇలా ఉండొచ్చు. ఎడమ చెయ్యి బలహీనంగా ఉండి, ధ్యాస, చూపు బాగున్నవారికి గేర్లు మార్చడమే ఇబ్బంది అయితే ఆటోమేటిక్ కారు సరిపోవచ్చు. కుడికాలు పనిచేయనివారికి ఎడమకాలితో నొక్కే యాక్సిలరేటర్, రెండు కాళ్లూ లేనివారికి చేత్తో పనిచేసే బ్రేకు, యాక్సిలరేటర్ అమర్చే వీలుంది. వీటిని మెకానిక్‌తో సొంతంగా బిగించుకోకూడదు. రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

కొన్నిసార్లు సమస్య మనిషిలో కాక సీటులో ఉంటుంది. స్టీరింగుకూ ఛాతీ ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చూపు స్టీరింగు పైఅంచు కంటే కనీసం మూడు అంగుళాలు ఎత్తున ఉండాలి. వయసుతో పొట్టిబారినవారు పాత అలవాటులోనే కూర్చుంటే బోనెట్ ముందున్నది కనిపించదు. హవాయి చెప్పులతో పెడల్స్ తొక్కడం మానేసి, మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవడం చిన్న మార్పే. కానీ ఉపయోగం పెద్దది.

'ఇక నడపకూడదు' అన్న జవాబూ రావచ్చు. అప్పుడైనా ఆ మాట కొడుకు నోటి నుంచి కాక, పరీక్షించిన నిపుణుల నుంచి, కారణాలతో సహా వస్తుంది. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ అవమానంలా ఉండదు.

స్కూటరు సంగతేమిటి?

'కారు వద్దులే, స్కూటీ ఇద్దాం' అనుకుంటారు కొందరు. ఇది పొరపాటు. కారుకు నాలుగు చక్రాలున్నాయి, చుట్టూ రేకు ఉంది. స్కూటరును నిలబెట్టాల్సింది మనిషే. ఆగిన ప్రతిసారీ కాలు నేలకు ఆనించి బరువు మోయాలి. యాక్సిలరేటర్ కుడిచేతిలో ఉంటుంది. చెయ్యి వణికినా, బిగుసుకుపోయినా బండి ముందుకు దూకుతుంది. నిలబడి ఒంటికాలి మీద కొన్ని క్షణాలైనా ఆగలేనివారు, మెడ తిప్పి వెనక్కి చూడలేనివారు ద్విచక్ర వాహనం గురించి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి.

చట్టం ఏం చెబుతోంది?

2019 సవరణ తర్వాత 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు వచ్చేదాకా, 30 నుంచి 50 మధ్య తీసుకున్నది పదేళ్లు, 50 నుంచి 55 మధ్య తీసుకున్నది 60 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. 55 దాటాక తీసుకున్నా, రెన్యువల్ చేయించుకున్నా అయిదేళ్లే. 40 దాటినవారు రెన్యువల్‌కు వైద్యుడు సంతకం చేసిన ఫారం 1ఏ ఇవ్వాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి వాహనం నంబరు ప్లేటు చదవగలరా అన్నది అందులో ఒక ప్రశ్న. ఇది మీరు వీధిలోనే పరీక్షించుకోవచ్చు.

అయితే రెన్యువల్ అయిన మర్నాడే పక్షవాతం వస్తే? కార్డు మీద ఇంకా అయిదేళ్ల గడువు ఉంటుంది. కార్డు చెల్లుతోందంటే మనిషి నడపగలరని కాదు. ఆ తేడాను గమనించాల్సింది ఇంట్లోవాళ్లే. ఫారం మీద సంతకం కోసం తెలిసిన డాక్టరు దగ్గరకు వెళ్లి 'చూడకుండానే పెట్టేయండి' అనడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆ సంతకం రోడ్డు మీద ఎవరినీ కాపాడదు.

అమ్మ ఒక్కతే ఉండగలదా?

ఇప్పుడు రెండో ప్రశ్న. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. అమ్మ సొంతూళ్లో. ఒకసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ వాసన వచ్చిందని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తారు. ఇక మొదలు. 'వచ్చి మా దగ్గర ఉండు' అని పిల్లలు, 'ఆ పదో అంతస్తులో ఏం చెయ్యను?' అని అమ్మ.

ఇక్కడా నిర్ణయానికి ముందు పరీక్ష జరగాలి. థెరపిస్టు రెండు రకాల పనుల్ని చూస్తారు. మొదటివి శరీరానికి సంబంధించినవి: తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మలమూత్ర విసర్జన, మంచం మీంచి లేవడం, మెట్లెక్కడం. రెండోవి ఇల్లు నడుపుకొనేవి: ఫోన్ వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇంటి పనులు, బట్టలు ఉతుక్కోవడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. మొదటి జాబితాలో అన్నీ చేసుకోగలిగి, రెండో జాబితాలో తడబడేవారు ఎక్కువ. మతిమరుపు మొదలైనప్పుడు ముందుగా దెబ్బతినేది మందులు, డబ్బు లెక్కలే. పింఛను డబ్బులు ఎటుపోయాయో తెలియకపోవడం, ఒకే మాత్ర రెండుసార్లు వేసుకోవడం లాంటివి గమనించండి.

'చేసుకోగలవా?' అని అడిగితే ఎవరైనా 'ఆ, చేసుకుంటా' అనే చెబుతారు. అందుకే థెరపిస్టు అడగరు, చేయించి చూస్తారు. టీ పెట్టమంటారు. స్టవ్ వెలిగించడం, పాలు, పొడి వరసగా వేయడం, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ పనిలోకి రాగలగడం, వేడి గిన్నె దించడం, చివర్లో స్టవ్ ఆర్పడం.. ఒక్క కప్పు టీలో జ్ఞాపకం, ధ్యాస, చేతి పట్టు, జాగ్రత్త అన్నీ కనిపిస్తాయి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష మరొకటి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉందని గుర్తించి జాగ్రత్తలు మొదలుపెడతారు.

ఇంట్లో ఏం మార్చాలి?

థెరపిస్టు ఇంటికి వచ్చి చూడటం ఉత్తమం. కుదరకపోతే గేటు నుంచి పెరటి దాకా నడుస్తూ ఫోన్‌లో వీడియో తీయండి. గడపల ఎత్తు, తలుపుల వెడల్పు, మంచం ఎత్తు టేపుతో కొలిచి రాసుకెళ్లండి. ఆ ఇంటికి, ఆ మనిషికి సరిపడే మార్పులు సూచిస్తారు. ఎక్కువ ఇళ్లలో అవసరమయ్యేవి ఇవి.

• బాత్రూం: నీళ్లు నిలవని గరుకు టైల్స్ లేదా జారని మ్యాట్. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకు గట్టి పట్టుకడ్డీలు. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపలేదు. వంగి చెంబుతో పోసుకునే బదులు ప్లాస్టిక్ కుర్చీ కాకుండా జారని కాళ్లున్న స్నానపు స్టూలు, చేతి షవరు. లోపల గడియ పెట్టుకోకుండా, బయట నుంచీ తెరుచుకునే తాళం.

• కమోడ్: ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లుంటే మోకాళ్ల నొప్పులున్నవారు తేలిగ్గా లేస్తారు. తక్కువుంటే పైన అమర్చే సీటు దొరుకుతుంది.

• గడపలు, మెట్లు: ప్రతి మెట్టు అంచుకూ కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయండి. డాబా మెట్లకు రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. ర్యాంపు కట్టిస్తే ఎత్తుకు 12 రెట్లు పొడవుండాలి. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల ర్యాంపు. అంతకంటే నిటారుగా కడితే అది ఇంకో ప్రమాదం.

• వంటిల్లు: రోజూ వాడే డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంచండి. అటక మీదివి దించడానికి స్టూలెక్కే అవసరమే రానివ్వద్దు. మంట ఆరితే గ్యాస్ ఆగిపోయే స్టవ్, లేదా ఇండక్షన్ స్టవ్. కొత్త వస్తువు ఇచ్చి వదిలేయకుండా వారం పాటు దగ్గరుండి అలవాటు చేయించాలి.

• పడకగది: మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు. కరెంటు పోతే దానంతటదే వెలిగే ఎమర్జెన్సీ లైటు. లేవగానే నడవకుండా నిమిషం సేపు మంచం అంచున కూర్చోవాలి. రక్తపోటు మందులు వాడేవారికి ఇది మరీ ముఖ్యం.

• పూజగది, వాకిలి: కింద కూర్చుని లేవలేనివారికి దేవుడి పటాలు పీట ఎత్తుకు మార్చండి. వేలాడే పమిట దీపానికి దూరంగా ఉండాలి. వంగి ముగ్గు వేస్తే కళ్లు తిరిగేవారు స్టూలు మీద కూర్చుని వేయొచ్చు. ముగ్గు మానేయమనడం తేలికే. కానీ ఆవిడకు పొద్దు మొదలయ్యేది దాంతోనే కావచ్చు.

మార్చే ముందు అడగండి. అమ్మకు చెప్పకుండా సామాన్లన్నీ సర్దేస్తే, చీకట్లో చెయ్యి అలవాటుగా వెళ్లే చోట ఆసరా ఉండదు.

మాట ఎలా మొదలుపెట్టాలి?

తాళాలు దాచేయడం, బ్యాటరీ వైరు పీకేయడం, 'కారు రిపేరుకిచ్చాం' అని చెప్పడం.. ఇవన్నీ మన ఇళ్లలో జరిగేవే. మతిమరుపు జబ్బు బాగా ముదిరి, చెప్పినా గుర్తుండని స్థితిలో, వేరే దారిలేక వాహనాన్ని అందుబాటులో లేకుండా చేయాల్సి రావచ్చు. తెలివి బాగున్న మనిషితో మాత్రం అలా చేస్తే నమ్మకం పోతుంది.

'మీకు చేతకాదు' అనకండి. 'డాక్టరు గారు సరేనంటే మాకూ ధైర్యంగా ఉంటుంది, ఒకసారి చూపించుకుందాం నాన్నా' అనండి. అద్దం విరిగినరోజు కోపంలో కాకుండా, ప్రశాంతంగా ఉన్న మరోరోజు మాట్లాడండి. బండి ఎందుకు కావాలో కనుక్కోండి. కొందరికి అది గుడి, కొందరికి స్నేహితులతో సాయంత్రపు కాఫీ, కొందరికి ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లగలిగే స్వేచ్ఛ. డ్రైవింగ్ ఆపాల్సి వస్తే ఆ అవసరాన్ని తీర్చే ఏర్పాటు ముందే చేయండి. నమ్మకమైన ఆటో, వారానికి రెండు రోజులు వచ్చే డ్రైవరు, ఫోన్‌లో క్యాబ్ బుక్ చేయడం నేర్పడం లాంటివి. తాళాలు తీసుకుని మనిషిని ఇంట్లో కూర్చోబెడితే, ప్రమాదం రోడ్డు మీంచి ఇంట్లోకి వచ్చినట్టే. దిగులు, ఒంటరితనం, కదలిక తగ్గడం కూడా ఆరోగ్యాన్ని దెబ్బతీసేవే.

ఎక్కడ చేయిస్తారు?

న్యూరాలజీ, పునరావాస విభాగాలున్న పెద్ద ఆసుపత్రుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టులుంటారు. మీ న్యూరాలజిస్టునో ఫిజీషియన్‌నో అడిగి చీటీ రాయించుకోండి. థెరపిస్టును కలిసినప్పుడు మూడు విషయాలు అడగండి: ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ ఉందా? పెద్దవాళ్లతో, ముఖ్యంగా పక్షవాతం, మతిమరుపు ఉన్నవారితో పనిచేసిన అనుభవం ఉందా? డ్రైవింగ్ గురించి, ఇంటి గురించి రాతపూర్వకంగా నివేదిక ఇస్తారా? నివేదిక కాపీని మీ డాక్టరుకూ ఇవ్వండి. తుది నిర్ణయం ఇద్దరూ కలిసి చెప్పడం మంచిది.

వృద్ధులకు సంబంధించి ఏ సలహా కావాలన్నా జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దల ఫోన్‌లో దీంతోపాటు 108, 112, పక్కింటివారి నంబరు మొదటి వరసలోనే కనిపించేలా పెట్టండి.

వీటిని గమనిస్తున్నారా?

• కారు మీద, గేటు స్తంభం మీద కొత్త గీతలు, సొట్టలు
• తెలిసిన దారిలో తప్పిపోవడం, ఇంటికి ఆలస్యంగా చేరడం
• సిగ్నల్ పడినా ఆలస్యంగా కదలడం, వెనకవాళ్లు తరచూ హారన్ కొట్టడం
• ఒక పెడల్ బదులు మరొకటి తొక్కడం
• రాత్రిపూట, వానలో నడపడం తనంతట తానే మానేయడం
• మాడిన గిన్నెలు, ఆర్పని స్టవ్, పాడైన కూరలు ఫ్రిజ్‌లో పేరుకుపోవడం
• మాత్రల లెక్క తేలకపోవడం
• మోచేతుల మీద, మోకాళ్ల మీద కారణం చెప్పని కమిలిన గుర్తులు

వీటిలో ఒకటి రెండు తరచుగా కనిపిస్తున్నా ప్రమాదం జరిగేదాకా ఆగకండి. మనవల్ని కారులో ఎక్కించి పంపడానికి మీ మనసు ఒప్పుకోవడం లేదా? అదీ ఒక సూచనే.

బీరువాలో ఉన్న తాళాలు ఆయన చేతికి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. పక్షవాతం తర్వాత వచ్చే ఎడమవైపు ధ్యాస లోపం చాలామందిలో శిక్షణతో, కాలంతో కొంత మెరుగవుతుంది. కొందరిలో మిగిలిపోతుంది. ఏది ఎటు వెళ్తుందో ఊహించలేం, పరీక్షిస్తేనే తెలుస్తుంది. కొడుకు చేయాల్సిందల్లా బీరువా తెరవడం కాదు. తండ్రి పక్కన కూర్చుని 'రేపు ఇద్దరం వెళ్దాం నాన్నా' అనడం.